వదిన బ్యాగులో చెప్పులు

హరితకి ఆ పిచ్చి పట్టింది హిమాలయాల్లో. కాలేజీ స్నేహితురాళ్ళతో కలిసి మంచుకొండలు ఎక్కడానికి పోయి, తీసుకెళ్ళిన సామాను మోయలేక రెండో రోజుకే భుజాలు ఒరుసుకుపోయి, చివరికి బ్యాగుని కంచరగాడిద మీదికి ఎక్కించి తను చేతులూపుకుంటూ నడిచింది. మిగతావాళ్ళు నవ్వారు. తనూ నవ్వింది. కానీ నరసరావుపేట తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి ఒకటే ధ్యాస. బ్యాగు బరువు తగ్గించాలి.

ఆమె పేటలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. చుక్కల్లో, గీతల్లో కొలిచే పని. ఆ చెయ్యి ఇంట్లోనూ ఊరుకోలేదు. వంటింటి కాటా మీద పప్పూ ఉప్పూ బదులు టార్చిలైటు, దువ్వెన, తువ్వాలు తూగడం మొదలైంది. సబ్బుబిళ్ళని సగానికి కోసింది. టూత్‌బ్రష్ కాడ విరగ్గొట్టింది. మందపాటి దుప్పటి మానేసి, చుడితే చెంబంత అయ్యే స్లీపింగ్ బ్యాగు తెప్పించింది. మల్లమ్మ సెంటరు దగ్గర ఆటో సీట్లు కుట్టే గులాం మొహిద్దీన్ కొట్టుకి బ్యాగు పట్టుకెళ్ళి, నడుం పట్టీకి లోపల గట్టి స్పాంజి వేయించింది. ఛాతీ మీదుగా ఇంకో పట్టీ కుట్టించింది. మోసి చూస్తే బరువంతా భుజాల మీంచి దిగి నడుం మీద కూర్చుంది. ఆ రోజు ఆమె ఇంట్లో బ్యాగు తగిలించుకునే వంట చేసింది.

"ఎట్టాగూ తగిలించుకున్నావుగా, సిలిండరు కూడా అందులో పెట్టుకో" అన్నాడు ప్రవీణ్. అతనికి పల్నాడు రోడ్డులో పురుగుమందుల కొట్టు. పెళ్ళాం పిచ్చి అతనికి సరదాగానే ఉండేది.

ఈ పిచ్చిలోకి హనుమాయమ్మ రావడం ఎవరూ అనుకోలేదు.

హనుమాయమ్మ ప్రవీణ్‌కి పెద్దక్క. తల్లి మంచాన పడ్డాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. భర్త పోయాక కూడా శావల్యాపురం దగ్గర ఊళ్ళో ఒంటిచేత్తో మిరపా వరీ చేయిస్తోంది. ఒకసారి ఎంపీటీసీగా గెలిచింది. మాట కటువు, నడక జోరు. ఆమెకి షుగరుంది. కొన్నాళ్ళకోసారి పేటకొచ్చి మరదలి ల్యాబ్‌లోనే రక్తం ఇచ్చి, రిపోర్టు వచ్చేదాకా అక్కడి ఆడపిల్లలందరికీ సంబంధాలు చెబుతుండేది.

అట్టా వచ్చినప్పుడే ఒకరోజు అంది, "ఈ శివరాత్రికి నేను శ్రీశైలం నడిచిపోతానే. అడవి దారిన. మా నాన్న పోయేవాడు. నాక్కూడా ఎప్పట్నుంచో ఉంది."

ప్రవీణ్ వద్దన్నాడు. "ఈ వయసులో అడవేంది అక్కా, బస్సుంది గదా."

"బస్సులో పోయేదానికి నీకెందుకు చెబుతారా?"

హరితకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "నేను తీసుకెళ్తా వదినా. మీ బ్యాగు బాధ్యత నాది" అంది.

ఆ మాట ఆమె తరవాత చానాసార్లు తలుచుకుంది.

ప్రయాణం నాటికి వారం ముందే హనుమాయమ్మ పేట వచ్చింది. తెచ్చిన సామాను హాల్లో పరిచింది. గోంగూర పచ్చడి సీసా, కొబ్బరినూనె సీసా, ఇత్తడి మరచెంబు, రెండు చీరెలు, జంపఖానా, చార్జింగు లైటు, అరిసెల డబ్బా, పాత రబ్బరు చెప్పులు. హరిత నేల మీద కాటా పెట్టుకుని కూర్చుంది.

"సీసాలొద్దు వదినా. పచ్చడి చిన్న డబ్బాలో పోస్తా."

"పోసెయ్యి."

"మరచెంబొద్దు. జంపఖానా అసలే వద్దు. నా దగ్గర ఇంకో స్లీపింగ్ బ్యాగుంది."

"సంచీలో దూరి పడుకోవాలా? సరే."

ఒక్కోటీ వదులుకుంటూ పోయింది హనుమాయమ్మ. ఆమెకి ఆ ఆట నచ్చింది. అరిసెలు మాత్రం బస్సులోనే తినేద్దామని తీర్మానం చేసింది. చెప్పుల దగ్గరకి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవి ఉండనీ."

"కొత్త బూట్లు కొన్నాం గదా వదినా. ఇవెందుకు?"

"బూటు కరిస్తే? కరిచిన కాలు దేంట్లో పెట్టుకోవాల? ఉండనీవే."

బూట్లు హరితే ఎంచింది. గుంటూరు తీసుకెళ్ళి మరీ కొనిపించింది. తేలికవి, కింద గట్టి పట్టున్నవి. నడిచేటప్పుడు పాదాలు వాస్తాయి కాబట్టి ఒక సైజు పెద్దవి తీసుకోవాలని ఆమెకి తెలుసు. ఆ రకంలో పెద్ద సైజు లేదన్నాడు కొట్టువాడు. వేరే రకం చూపించాడు గానీ అవి బరువు. హనుమాయమ్మ తొడుక్కుని నాలుగడుగులేసి, "చివర్లో కాస్త బిగుసుగా ఉన్నట్టుందే" అంది. "వాడితే సర్దుకుంటాయి వదినా" అంది హరిత. హనుమాయమ్మ తలూపింది. మరదలు చదువుకున్నది, కొండలెక్కొచ్చింది. ఆమెకి తెలియదా?

బయల్దేరే పొద్దున హరిత రెండు బ్యాగులూ కొక్కెం కాటాకి తగిలించి చూసింది. తనది అనుకున్నదానికన్నా తక్కువే తూగింది. వదినది కాస్త ఎక్కువొచ్చింది. బ్యాగు విప్పి చూస్తే అడుగున ఎరువుల కవరులో చుట్టి, పైన తాడు కట్టి, ఆ చెప్పులు. బరువే కాదు, మొద్దుగా అడ్డంపడి బ్యాగుకి వీపు దగ్గర గూను తెచ్చాయి. హనుమాయమ్మ స్నానానికి పోయింది. హరిత చెప్పులు తీసింది. కవరుతో సహా తీసుకెళ్ళి తన స్కూటరు డిక్కీలో పెట్టి మూసింది. నడక మొదలయ్యాక చెబుదాంలే, ఇద్దరం నవ్వుకుంటాం అనుకుంది. బ్యాగు మళ్ళీ తూచింది. సరిగ్గా సరిపోయింది. ఆ సంతోషంతోనే వదినకి బ్యాగు తగిలించి, పట్టీలు బిగించి, "చూశారా, బిడ్డని ఎత్తుకున్నట్టుంది గదా" అంది.

"అవునే! బరువే తెలవట్లేదు" అంది హనుమాయమ్మ అటూ ఇటూ తిరిగి.

వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా ఆత్మకూరు పోయి, వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టారు. దారంతా జనం. భజనలు, ఇరుముళ్ళు, మంచినీళ్ళ పందిళ్ళు. నాగలూటి దాటేదాకా హనుమాయమ్మ అందరికన్నా ముందుంది. వెనక్కి తిరిగి, "రావే టెక్నీషియనూ" అని కేకేసేది. ఇంత హుషారుగా నడుస్తుంటే చెప్పుల సంగతి ఎత్తడం ఎందుకని హరిత ఊరుకుంది.

పొద్దు వాలేవేళకి పెచ్చెరువు చేరారు. చెట్ల కింద చోటు చూసుకుని బ్యాగులు దించారు. హనుమాయమ్మ బూట్లు విప్పింది. కుడికాలు చిటికెనవేలు పక్కన తోలు రేగి, కింద పొక్కు చితికి మేజోడు తడిసి ఉంది.

"ఇంత రేగితే నొప్పి తెలవలా వదినా?" అంది హరిత.

"ఆ కాలు ఎప్పట్నుంచో తిమ్మిరే గదా. నొప్పేం లేదు. కాసేపు చెప్పులేసుకుంటే ఆరిపోద్ది." బ్యాగు ముందుకి లాక్కుని అడుగున చెయ్యి పెట్టింది. తడిమింది. బట్టలు బయటికి తీసింది. "లైటెయ్యవే."

హరిత ఫోను లైటు వేసి పట్టుకుంది.

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిస్తే సరిపోతుంది. వదిన బ్యాగు బోర్లించి, ఒక్కో వస్తువూ పక్కకి పెడుతుంటే హరిత చెయ్యి కదలకుండా లైటు పట్టుకునే ఉంది. చుట్టూ జనం ఉన్నారు. అరుస్తుందేమో. అరిచినా అరవకపోయినా ఈ రాత్రికి చెప్పులైతే రావు గదా. చెప్పి ఏం లాభం?

"పెట్టానే" అంది హనుమాయమ్మ నెమ్మదిగా. "కవరులో చుట్టి తాడు కూడా కట్టా. పెట్టలేదా? పెట్టాననుకున్నానా?"

హరిత అంది, "హడావిడిలో మర్చిపోయుంటారు వదినా."

హనుమాయమ్మ కాసేపు ఖాళీ బ్యాగులోకే చూసి, "అంతే అయ్యుంటది" అంది. ఆ సాయంత్రం అన్నం పెట్టే పందిరికీ, నీళ్ళ దగ్గరికీ వట్టి కాళ్ళతో తిరిగింది. హరిత తన బూట్లిస్తానంది. అవి ఆమెకి ఇంకా చిన్నవి.

మర్నాడు పొక్కు మీద ప్లాస్టరేసి అవే బూట్లు తొడుక్కుంది. భీముని కొలను దగ్గర లోయలోకి దిగే రాతిమెట్ల మీద ప్రతి అడుగుకీ పాదం ముందుకి జారి వేళ్ళు బూటు కొనకి గుద్దుకుంటాయని వెనక నడుస్తున్న హరితకి తెలుసు. వదిన చేతికర్ర పోటేసి దిగుతుంటే ఆమె ఆ కాలునే చూస్తూ దిగింది. కైలాసద్వారం ఎక్కాక హనుమాయమ్మ కూలబడి ఏడ్చింది, సంతోషంతో. "మా నాన్న నడిచిన దారినే నడిచానే. నీ చలవే" అని మరదలి గడ్డం పట్టుకుంది. హరితకి ఆ చెయ్యి తగిలినచోట మంటెత్తినట్టయింది.

తిరిగొచ్చాక వదిన ఊరికి వెళ్ళిపోయింది. మిరప కల్లాల రోజులు. కాలు చూపించుకోమని ఫోను చేయాలని హరిత రోజూ అనుకునేది. షుగరున్న మనిషి కాలి పుండు ఎక్కడికి పోతుందో ఆమెకి తెలుసు. ఆ మనిషి షుగరెంతో కూడా ఆమెకే తెలుసు, రిపోర్టు తనే రాసింది. కానీ కాలు గురించి అడిగితే బూటు మాటొస్తుంది, బూటు మాటొస్తే చెప్పుల మాటొస్తుంది. రేపు చేద్దాంలే అనుకునేది. చేయలేదు. చివరికి హనుమాయమ్మే ఫోను చేసింది. "అమ్మాయ్, వేలు నల్లబడిందే. వాసనొస్తంది."

పేటలో ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. వేలు తీసేస్తే పాదం దక్కుతుందన్నాడు. ముందే వచ్చుంటే మందులతో పోయేదన్నాడు. హరిత గోడకి ఆనుకుని నిలబడింది. సంతకం పెట్టమంటే ప్రవీణ్ కాయితం పక్కకి నెట్టాడు. హనుమాయమ్మే అతన్ని కసిరింది. "చిటికెనవేలేగా. దాంతో నేనేమన్నా నాట్లేశానా? పెట్టరా."

వేలు తీశారు.

ఆసుపత్రికి క్యారేజీ తేవడానికి ప్రవీణ్ ఒకరోజు హరిత స్కూటరు తీశాడు. డిక్కీ తెరిస్తే ఎరువుల కవరు. తీసుకొచ్చి మంచం పక్కన పెట్టాడు.

"అక్కా, నువ్వు అడవిలో వెతికిన చెప్పులు ఇవేనా? డిక్కీలో పెట్టి మర్చిపోయావు."

హనుమాయమ్మ కవరు చేతిలోకి తీసుకుంది. తాడు ముడి చూసింది. అది తను వేసిన ముడే. "నేనా?" అంది. "నేను డిక్కీ దగ్గరికే పోలేదురా."

"పోకుండా ఎట్టా వస్తయ్యి? మర్చిపోయుంటావు."

హరిత అప్పుడు గ్లాసులో పళ్ళరసం పోస్తోంది. పోయడం ఆపలేదు. మొగుడి మాట విని, బతికానురా దేవుడా అనుకుంది. ఆ మాట అనుకున్నందుకు ఆ రోజంతా ఆమెకి తిండి సయించలేదు.

డ్రెస్సింగులు పూర్తయ్యేదాకా వదినని తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. ముస్కాన్ అనే నర్సు రోజు విడిచి రోజు వచ్చి కట్టు కట్టిపోయేది. హరిత ల్యాబ్‌కి సెలవు పెట్టి వదినకి అన్నీ తనే చేసేది. తల దువ్వేది, షుగరు చూసేది, కాలు దించకుండా కూర్చోబెట్టి అన్నం కంచం చేతికిచ్చేది. చూడవచ్చిన బంధువులందరికీ హనుమాయమ్మ చెప్పేది, "కన్న కూతురున్నా ఇట్టా చెయ్యదు." హరిత వంటింట్లోకి వెళ్ళిపోయేది. వినయం అనుకునేవాళ్ళు.

కానీ హనుమాయమ్మ మారింది. మాట తగ్గింది. గ్యాసు కట్టేశానా అని రెండుసార్లు అడిగేది, అసలు ఆమె పొయ్యి దగ్గరికే పోని రోజున కూడా. ఒక మధ్యాహ్నం ముస్కాన్ కట్టు విప్పుతుంటే అడిగింది, "మతిమరుపుకి ఏ డాక్టరు దగ్గరికి పోవాల అమ్మా?"

"మీకెందుకు ఆంటీ?"

"మా అమ్మకి ఇట్టాగే మొదలైంది. కూరలో ఉప్పేసి మళ్ళా ఉప్పేసేది. ఆఖర్న నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు అనింది." కట్టు వైపు చూస్తూ, "నా చేత్తో తీసి డిక్కీలో పెట్టిందాన్ని, పెట్టినట్టు ఈషణ్మాత్రం గుర్తులేదు. ఎంత తలుచుకున్నా రాలా. అది ఉత్త మరుపు కాదు" అంది.

హరిత గుమ్మంలో దూదీ, కత్తెరా ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. వేలు పోయిందని తెలిసిన రోజున కూడా ఆమెకి ఇంత భయం వేయలేదు.

ఆ ఆదివారం ఊరి నుంచి బ్రహ్మయ్య వచ్చాడు. హనుమాయమ్మకి వరసకి బావ, ఊళ్ళో నలుగురూ మాట వినే మనిషి. వెంట ఇద్దరు ఆడవాళ్ళు. పంచాయతీ ఎన్నికలొస్తే సర్పంచిగా హనుమాయమ్మని నిలబెడదామని అంతకుముందే అనుకున్న మాట.

"కాలు తగ్గాకే తిరుగుదువుగానిలే. ముందు ఊఁ అను" అన్నాడు బ్రహ్మయ్య.

"నేను నిలబడను బావా."

"అదేందమ్మాయ్? నువ్వేగా పోయినేడాది ఎగిరెగిరి పడ్డావు, మంచినీళ్ళ ట్యాంకు సంగతి తేలుస్తానని."

"అప్పుడు బుర్ర పనిచేసేది." హనుమాయమ్మ చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటోంది. "ఊరి పని నెత్తినేసుకుని రేపు ఏ కాయితం మీద సంతకం పెట్టానో, ఎవరికేం మాటిచ్చానో మర్చిపోతే? నా పరువు సంగతట్టా ఉంచు, ఊరు మునిగిపోద్ది. పొలం కూడా కౌలుకిచ్చేద్దామని చూస్తన్నా. వేరేవాళ్ళని చూసుకో."

ప్రవీణ్ ఏదో సర్దబోయాడు. ఆమె వినలేదు. బ్రహ్మయ్య నిట్టూర్చి, కండువా దులిపి లేచాడు. హరిత కాఫీ గ్లాసులు తీస్తోంది. బ్రహ్మయ్య గుమ్మం దాకా పోయాడు. ఆయన గడప దాటితే ఇక ఈ మాట ఎప్పటికీ అనలేనని ఆమెకి అనిపించింది.

"వదినకి మతిమరుపు లేదు అన్నయ్యా" అంది.

అందరూ చూశారు.

"చెప్పులు వదిన బ్యాగులోనే పెట్టింది. కవరులో చుట్టి, తాడు కట్టి. నేనే తీశా. బరువెక్కువైందని తీసి డిక్కీలో పెట్టా. వదిన స్నానానికి పోయినప్పుడు. అడవిలో వెతుకుతుంటే చెప్పలేదు. ఆయన డిక్కీలో చూసినప్పుడూ చెప్పలేదు."

ప్రవీణ్ ముఖంలో రంగు మారింది. ఆడవాళ్ళలో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

హనుమాయమ్మ ముందు అడిగింది ఒకటే. "నేను పెట్టానా?"

"పెట్టారు వదినా. అడుగున. జాగ్రత్తగా పెట్టారు."

"తాడు కట్టా గదా?"

"కట్టారు."

"చూశావా బావా!" హనుమాయమ్మ ముఖమంతా విప్పారింది. కళ్ళనిండా నీళ్ళతో పకపకా నవ్వింది. "పెట్టానన్నమాట! నాకు గుర్తే! చుట్టిన కవరు రంగుతో సహా గుర్తు. నాకేం కాలేదు. ఒరేయ్ ప్రవీణూ, నాకేం కాలేదురా." బ్రహ్మయ్యని మళ్ళీ కూర్చోమంది. ట్యాంకు సంగతి అడిగింది. ఎవరు మనవైపు, ఎవరు గోడ మీద అని వేళ్ళు మడిచి చెప్పింది. వాళ్ళు వెళ్ళేదాకా అదే హుషారు. హరిత అదే చోట గ్లాసులు పట్టుకుని నిలబడింది. తిట్టమని లోపల్లోపల మొక్కుకుంది.

వాళ్ళు వెళ్ళాక హనుమాయమ్మ నవ్వు కొద్దికొద్దిగా ఆరిపోయింది. కట్టున్న కాలు వైపు చూసింది.

"పెచ్చెరువు కాడ నేను వెతుకుతుంటే నువ్వేగా లైటు పట్టింది."

"అవును."

"బ్యాగు బోర్లించిందాకా పట్టుకునే ఉన్నావు."

"ఉన్నా వదినా."

"ఎట్టా పట్టుకున్నావే?"

బరువు తగ్గించాలని చెప్పులు తీయడం ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఆ లైటు పట్టుకోవడం చెప్పుకోవడానికి హరితకి మాటలు లేవు.

"నువ్వు నన్ను అడిగుంటే ఇచ్చేదాన్నేమో" అంది హనుమాయమ్మ. "మిగతావన్నీ ఇయ్యలా? వేలు పోతే పోయింది. నా బుర్ర పోయిందని నెల్లాళ్ళు నాకు నిద్ర లేదే. నువ్వు పక్కనుండి చూశావు. నా తల దువ్వుతా చూశావు." ఆమె గొంతు పెంచలేదు. "ప్రవీణూ, బండి మాట్లాడరా. ఊరికి పోతా."

ఆమె ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. ప్రవీణ్ భార్యతో వారం పైగా అవసరానికి మించి మాట్లాడలేదు. తరవాత ఒకరోజు అన్నం తింటూ, "మర్చిపోయావని అక్కతో అన్నది నేను గదా. నాచేత గూడా అనిపించావు" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు.

ముస్కాన్ అంత దూరం ఊరికి పోలేనంది. కట్టు కట్టేవాళ్ళు లేరని తెలిసి, హరిత రావచ్చా అని ఎవరినీ అడక్కుండా శావల్యాపురం బస్సెక్కి, అక్కడ్నుంచి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళింది. హనుమాయమ్మ వసారాలో కుర్చీ మీద ఉంది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు. మరదల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. మాట్లాడుతూనే కాలు ముందుకి చాపింది.

హరిత నేల మీద కూర్చుని కట్టు విప్పింది. వేలున్నచోట కొత్త తోలు గులాబీ రంగులో అల్లుకుంటోంది. శుభ్రం చేసి, మందు రాసి, గాజుగుడ్డ చుట్టింది. షుగరున్నవాళ్ళ కోసం మెత్తటి అట్టతో, ముందు వెడల్పుగా చేసిన చెప్పులు తెచ్చింది. ఈసారి, వదిన తమ ఇంట్లో ఉన్నప్పుడే కాగితం మీద గీసుకున్న పాదం కొలతతో చేయించింది. ఎంత బరువో తూచలేదు. వాటిని కుర్చీ పక్కన పెట్టింది. హనుమాయమ్మ ఓసారి చూసి, "ఉండనీ అక్కడ" అంది. తొడుక్కోలేదు.

ఆడవాళ్ళు వెళ్ళాక హరిత అడిగింది, "వదినా, నన్ను ఎప్పటికైనా..."

"అది అడగమాక" అంది హనుమాయమ్మ. "కోపం ఉంది. ఎన్నాళ్ళుంటదో నాకే తెలవదు. పోయిందని అబద్ధం చెప్పను. అబద్ధాలు చాలు."

హరిత పాత కట్టుగుడ్డలు కవరులో వేసింది.

"వచ్చే ఆదివారం పొద్దున్నే రా. ఇంటింటికీ తిరగాల. కట్టు ముందే మార్చాల." కుర్చీ చేతుల మీద బలం వేసి లేవబోయి, ఆగి, "లోపల దోసకాయ పప్పుంది. పెట్టుకుని తిను. చివరి బస్సుకి టైముంది" అంది.

హరిత వంటింట్లోకి వెళ్ళి కంచం తీసుకుంది. అన్నం, పప్పు పెట్టుకుని పీట మీద కూర్చుంది. వసారాలో వదిన ఎవరినో కేకేసి ట్యాంకు దగ్గర గొడవ గురించి అడుగుతోంది. పెట్టుకున్నదంతా తిని, కంచం కడిగి బోర్లించి, బస్సుకి బయల్దేరింది.